శాన్‌ఫ్రాన్సిస్కోలో పగడపుతోటలు

శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు పోయివచ్చిన మనవారు సాధారణముగా మూడు సంగతులు చెప్పుదురు: ఎఱ్ఱని వంతెన, ఎత్తుపల్లముల వీథులు, వేసవిలోను వదలని పొగమంచు. ఈ మూడింటిని నేనును చూచితిని. కాని సోదరీమణులకు విన్నవింపవలెనని నాకు తోచినది వేఱొకటి. సముద్రజలము ఎల్లప్పుడును చల్లగానుండు ఆ ప్రాంతమున, సముద్రమునకు వెలుపల, గాజుగోడల నడుమ ఉష్ణదేశపు పగడములను పెంచుచున్నారు. రంగు వెలసిపోయిన పగడములకు మరల రంగు వచ్చుటను అచ్చట నా చెల్లెలి యింట కన్నులార చూచితిని. ఆ విధము చెప్పుటకే యీ వ్యాసము.

నా చెల్లెలును మరిదియు శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతమునకు తూర్పుగట్టున ఫ్రీమాంట్ అను పట్టణమున కాపురముందురు. తెలుగు కుటుంబములు ఆ చుట్టుపట్ల మిక్కిలి. అంగడిలో గోంగూర దొరకును. ప్రక్కయింటివారు తెలుగున పలుకరింతురు. మావారు ఉపాధ్యాయులగుటచే 2025 వేసవిసెలవులలో నించుమించు ఏడువారము లచ్చట గడపగలిగితిమి. ఫ్రీమాంట్‌నుండి నగరమునకు సుమారు నలువది మైళ్లు. మరిదికి తీరికయైన దినములలో కారుమీద పోయి వచ్చుచుంటిమి.

మొదట చూచినది గోల్డెన్ గేట్ వంతెన. ఇది 1937లో తెఱవబడినది. రెండు గోపురముల నడిమిదూరము 4,200 అడుగులు. దాని వన్నె అచ్చముగా ఎఱుపును గాదు, కాషాయమును గాదు. రెంటికి నడుమ నుండును. పొగమంచు క్రిందినుండి లేచి వంతెనను మ్రింగుచున్నను గోపురముల కొనలు మాత్రము ఆ వన్నెతో మీద తేలియాడుచుండెను. ఉప్పుగాలి ఇనుమును తినివేయకుండుటకై రంగువేయు పనివా రేడాదిపొడుగున అచ్చట పనిచేయుచుందురు. ఒకచోట రంగు చెడినచో గీకివేసి మరల పూయుదురు. వెలసిన రంగును తిరిగి తెచ్చుటకు మన మెఱిగిన యుపాయమును ఇదియే. గోడకు సున్నము, చీరకు అద్దకము, గడపకు పసుపు, అన్నియు పైపూతలే. దిబ్బలలోని పగడమునకు మాత్రము ఈ యుపాయము చెల్లదు. అది యేల చెల్లదో తెలియుటకు మఱి రెండుచోట్లకు పోవలసివచ్చినది.

వంతెన చూచినపిదప నగరమునకు పడమటనున్న ఓషన్ బీచ్ అను తీరమునకు పోతిమి. కాళ్లు తడుపుకొందమని నీటిలోనికి దిగితిని; చీలమండలు జివ్వుమనెను. ఉత్తరమునుండి వచ్చు కాలిఫోర్నియా ప్రవాహమును, అడుగునుండి పైకుబుకు చల్లనినీరును గలసి అచ్చటి సముద్రమును ఏడాదిలో నెక్కువభాగము 10 నుండి 15 డిగ్రీల సెంటీగ్రేడు నడుమ నుంచును. దిబ్బలు గట్టు పగడములకు 23 నుండి 29 డిగ్రీల వెచ్చదనము హితము. 18 డిగ్రీలకు దిగువను చిరకాలముండిన నీటిలో అవి దిబ్బలు గట్టజాలవు. కనుక ఆ తీరమున పగడపుదిబ్బలు లేవు. మన యాంధ్రతీరమున నీరు వెచ్చనిదే యైనను అండమాను దీవులలో, లక్షద్వీపములలో నున్నట్టి గొప్పదిబ్బలు మనకును లేవు. కృష్ణాగోదావరులు తెచ్చు మంచినీరును ఒండ్రును పగడములకు సరిపడవు. వెచ్చదనము, ఉప్పు, తేటదనము, వెలుగు, ఈ నాలుగును కుదిరినచోటనే యవి కాపురముండును.

ఈ నాలుగింటిని మనుష్యులు కుదిర్చిన చోటు గోల్డెన్ గేట్ ఉద్యానవనమున కలదు. కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్ అను విజ్ఞానమందిరము 1853లో స్థాపింపబడినది. అందులోని స్టైన్‌హార్ట్ మత్స్యాలయము 1923లో తెఱవబడినది. 1989 నాటి భూకంపమున పాతభవనములు దెబ్బతినగా, క్రొత్తభవనము గట్టి 2008లో తెఱచిరి. ఆ భవనపు కప్పుమీద రెండున్నర యెకరముల మేర మొక్కలు పెరుగుచున్నవి. మెట్లు దిగి క్రిందియంతస్తునకు పోయినచో ఫిలిప్పీను దీవుల పగడపుదిబ్బను బోలిన తొట్టి యొకటి కనబడును. లోతు 25 అడుగులు. నీరు 2,12,000 గాలనులు, అనగా మనలెక్కకు ఎనిమిదిలక్షల లీటర్లు. జింకకొమ్ములవంటి పగడములు, అరుగులవలె పఱచుకొన్న పగడములు, గుండ్రాళ్లవంటి పగడములు, వానినడుమ పసుపు నీలము కలిసిన చేపలు. మావారు పలకమీదనున్న వ్రాత చదువుచుండగా నేను కొమ్మల కొనలనే చూచుచుంటిని. సంస్కృతమున ప్రవాళమనగా పగడమనియు చిగురాకనియు రెండర్థములు కలవు. క్రొత్తగా పెరుగు కొనలయందే నీలము, ఊదా, లేతగులాబి వన్నెలు మిక్కిలిగా నిలుచును. ఆ రెండర్థము లొకమాటలో నేల యిమిడెనో అచ్చట నిలుచున్న వారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

సోదరీమణుల కిక్కడ నొక సందేహము కలుగవచ్చును. మనము హారములలో గ్రుచ్చుకొను పగడము వెలసిపోదు గదా యని. ఆ పగడము వేఱు, ఈ పగడము వేఱు. హారములలోని యెఱ్ఱపగడము మధ్యధరాసముద్రమున వెలుగు చొరని లోతులయందు, గుహలయందు పెరుగును. ఇటలీలో నేపుల్సు చెంతనున్న టొర్రె దెల్ గ్రెకో పట్టణము దానిని చెక్కు పనికి పేరుపొందినది. ఆ పగడమునకు ఎముకయే యెఱుపు. కనుక ప్రాణి చచ్చి యెన్నియో తరములు గడచినను అవ్వ మెడలోని పేరు మునిమనుమరాలి మెడకు ఎఱ్ఱగానే చేరును. చెమటయు అత్తరును తగిలినచో పైమెఱుగు తగ్గును గాన మెత్తని గుడ్డతో తుడిచి దాచుకొనిన చాలును.

దిబ్బలు గట్టు పగడమునకు ఎముక సుద్దవలె తెల్లనిది. దానిని గప్పియున్న చర్మము అద్దమువలె పలుచనిది. ఆ చర్మములో కంటికి కనబడని నాచుమొక్కలు లక్షలకొలది కాపురముండును. పగడము వానికి ఇల్లిచ్చును, తన విసర్జనములనే యెరువుగా నిచ్చును. అవి వెలుగునుండి ఆహారము వండి అందులో పెద్దభాగము పగడమునకు పెట్టును. ఆ నాచు గోధుమవన్నెది. దానిమీద పగడము తనంతట పుట్టించుకొను ఊదా, పచ్చ, గులాబి వన్నెలు చేరును. ఈ వన్నెలు కొన్ని యెండ మిక్కుటముగా తగులకుండ గొడుగువలె పనిచేయును. అద్దెకున్నవారు వెడలిపోయినచో చర్మములోనుండి తెల్లని యెముక కనబడును. దానినే పగడము వెలసినదందురు. వెలసినది చచ్చినది కాదు, ఆకలిగొన్నది. ఆకలి తీరనిచో చచ్చును.

నా చెల్లెలి యింటిలోని తొట్టి నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల యెత్తు. సుమారు 450 లీటర్ల నీరు పట్టును. మరిది దానిని మూడేండ్లక్రిందట అమర్చెను. అందులోని పగడము లన్నియు ఇతరుల తొట్లలో పెరిగినవాని తునుకలే. మనము మల్లెకొమ్మ యడిగి తెచ్చుకొని నాటుకొనునట్లు అచ్చటివారు పగడపుకొమ్మలు ఇచ్చిపుచ్చుకొందురు. మేము పోవునప్పటికి ఆ తోట వన్నె తఱిగియుండెను. ఊదారంగుతో నుండవలసిన పలకపగడము మజ్జిగవలె పాలిపోయెను. పచ్చనికొమ్మల పగడము ఎండుగడ్డిని దలపించెను. పిచుకగూటివలె సన్ననిపుల్లలుగల పగడ మొకటి మొదట తెల్లబడియుండెను. ఒక అరుగు నీడనున్న చిన్నకొమ్మ మాత్రము ఇందుకు మారుగా ముదురుగోధుమరంగు పట్టియుండెను. నీరు మాత్రము అద్దమువలె నుండెను; గాజుమీద చుక్కనాచు లేదు.

"అక్కా! ఇవి చావలేదు. రాత్రి దీపమార్పినపిదప చూడు" మని చెల్లెలు చెప్పెను. ఆ రాత్రి చేతిదీపముతో చూచితిమి. పాలిపోయిన పలకమీద సూదిమొనలంతటి చిన్నచిన్న చేతులు వెలుపలికి చాచి ఆహారము వెదకుచుండెను.

మరిది రంగు తెచ్చునని పేరుగల మందుసీసాలు తెప్పింపదలచెను. చెల్లెలు ముందు లెక్క చూడవలెనని పట్టుపట్టెను. పాలలెక్క వ్రాసికొనునట్లు తొట్టికొక పుస్తకము పెట్టి, నీటిని పరీక్షించి వ్రాసెను. నైట్రేటు సున్న, ఫాస్ఫేటు సున్న. అప్పుడు సంగతి తేటపడెను. చలికాలమున గాజుమీద ఆకుపచ్చనాచు పెరుగగా, మరిది ఫాస్ఫేటును పీల్చు తుప్పుగుళికలను నీటిదారిలో నుంచెను. చేపల మేతను తగ్గించెను. ఆ నెలలోనే ఎల్.ఇ.డి. దీపములను క్రొత్తవి తెచ్చి మిక్కిలి వెలుగునకు త్రిప్పెను. ఉపవాసమున్నవారిని మిట్టమధ్యాహ్నపుటెండలో నిలువబెట్టినట్లాయెను. అతిశుభ్రత యొక రోగమగునని వినుట నాకు వింతగానుండెను గాని, నిజమట్లే యున్నది. నత్రజని సమృద్ధిగనుండి భాస్వరము కొఱవడినప్పుడు పగడములు వేడిమికి, వెలుగునకు తాళలేక త్వరగా వెలసిపోవునని ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2013లో ప్రకటించిరి. రెండును లేనిచోట నాచునకు బ్రతుకే దుర్లభము.

చెల్లెలు చేసిన చికిత్స యిది. తుప్పుగుళికలను తీసివేసెను. చేపలకు మేతను దినమునకు రెండుమారులు కొద్దికొద్దిగా పెట్టించెను. చేపలు తిని విడుచునదే పగడములోని నాచునకు ఎరువు. నైట్రేటు లీటరునకు 5 మిల్లీగ్రాముల దరిదాపునకు, ఫాస్ఫేటు 0.05 మిల్లీగ్రాముల దరిదాపునకు వచ్చువఱకు ఓపికపట్టెను. దీపముల వెలుగును మొదట సగమునకు తగ్గించి, తరువాత వారమునకు నూటికి మూడు నాలుగు పాళ్లచొప్పున మాత్రమే హెచ్చించెను. నీటి వెచ్చదనము 25, 26 డిగ్రీల నడుమను, ఉప్పు వేయింటికి 35 పాళ్లుగాను నిలిపెను. కూర మరిగినకొలది ఉప్పెక్కునట్లే తొట్టిలో నీరు ఆవిరియైనకొలది ఉప్పెక్కును. ఆవిరియైనంత శుద్ధజలమును ప్రతిదినము పోయవలెను గాని ఉప్పునీరు పోయరాదు. వారమున కొకమారు పదవవంతు నీటిని తీసి, అంతే ఉప్పుతో, అంతే వెచ్చదనముతో కలిపిన క్రొత్తనీరు పోసెను.

మఱొకటి క్షారగుణము. పగడము నీటిలోని సున్నపుసారమును తీసి ఎముక కట్టుకొనును గాన అది దినదినము తఱుగును. దానిని వారమునకొకమారు ఒక్కసారిగా పోసి పెంచుట పూర్వపు వాడుక. నిండుట, తఱుగుట, మరల నిండుట పగడములకు పరమశత్రువు. చెల్లెలు దానిని దినదినము కొంచెముకొంచెముగా కలిపి 8, 8.5 డిగ్రీల నడుమ కదలకుండ నుంచెను. అంకె యెంతయను దానికన్న ఆ యంకె కదలకుండుటయే ముఖ్యమని ఆమె యనెను.

నీడలోని గోధుమకొమ్మకు చికిత్స వేఱు. అచ్చట అద్దెవారు తక్కువకాలేదు, మితిమీరిరి. వెలుగు చాలనప్పుడు పగడము తనలో నాచును పెంచుకొని, తన సొంతవన్నెను మానుకొనును. ఎండయే లేనివానికి గొడు గెందుకు? ఆ కొమ్మను వారమునకు బెత్తెడుచొప్పున పైకి జరిపిరి. ఒక్కతొట్టిలోనే పాలిపోయినదానికి వెలుగు తగ్గించుటయు, నల్లబడినదానికి వెలుగు పెంచుటయు ఏకకాలమున జరిగెను.

మొదటి రెండువారములు ఏమియు మారలేదు. మరిది ప్రతిసాయంకాలము కుర్చీ వేసికొని చూచి, సీసాలమాట యెత్తుచుండెను. మూడవవారమున పలకపగడము ఊదారంగునకు బదులు మట్టిరంగు తిరిగెను. ఆయన ఇంకను చెడినదని కలతపడెను. చెల్లెలు సంతసించెను. ముందు కాపురస్థులు తిరిగివత్తురు. ఇల్లలంకరించుట తరువాతి మాట. నాచు చేరినపుడు గోధుమవన్నె వచ్చుటయే ఆరోగ్యలక్షణమట. ఐదవవారమున పలక అంచున సన్ననిదారమంత ఊదారేఖ కనబడెను. పచ్చనికొమ్మ కొనలు లేతపచ్చనయ్యెను. నీలిదీపముక్రింద చూచినప్పుడు అన్నియు తళతళలాడును గాని అది కన్నులను మోసగించును. చెల్లెలు తెల్లనిదీపము వెలిగించి చూచినపిదపనే పుస్తకమున వ్రాయుచుండెను.

పిచుకగూటిపగడము మాత్రము దక్కలేదు. దాని చర్మము మొదటినుండి పైకి ఊడిపోవుచు, తెల్లనియెముకమీద రెండుదినములలో పచ్చనినాచు పట్టెను. అది మరిది మొదట తెచ్చి నాటిన కొమ్మ. ఆయనయే దానిని చేతులార తీసివేసి, చాలసేపు మాటలాడకుండెను. సీసాలమాట మరల నెత్తలేదు. వెలసినదానికిని చచ్చినదానికిని నడుమ గడువు కొలదియే. ఆ గడువులో చేయవలసినది చేయవలెను.

మేము జూనునెలలో తిరిగివచ్చితిమి. శ్రావణమాసమున చెల్లెలు తెల్లనిదీపముక్రింద తీసిన చిత్రములను పంపెను. పలక యంతయు ఊదారంగు నిండెను. నీడలోని కొమ్మ నీలముగా మాఱెను. భాద్రపదమున ఆ పలకనుండి రెండంగుళముల తునుక విఱిచి చిన్నరాతిమీద జిగురుతో నతికించి, ఆ వీథిలోని తెలుగామె కిచ్చెనట. కొమ్మ విఱిచి యీయగలుగుటయే తోట కోలుకొన్నదనుటకు గుర్తు.

ఈ కొమ్మ నాటు విద్య మన సముద్రములలోను జరుగుచున్నది. తూత్తుకుడికిని రామేశ్వరమునకును నడుమ మన్నారుసింధుశాఖలో 21 చిన్నదీవులు కలవు. వానిచుట్టు పగడపుదిబ్బలు పెరుగును. ఆ ప్రాంతము 1986లో సముద్ర జాతీయోద్యానముగా ప్రకటింపబడినది. సున్నముకొఱకు పగడములను త్రవ్వుటచే పూర్వము దిబ్బలు చాల చెడినవి. తూత్తుకుడిలోని పరిశోధకులు 2002 మొదలు బ్రతికియున్న పగడపుతునుకలను కాంక్రీటుచట్రములకు కట్టి సముద్రగర్భమున నాటుచున్నారు.

కాని నాటినవారికి సముద్రపు వేడిమి తమ చేతిలో లేదు. ఒకచోట వేసవిలో మామూలుగా నుండు అత్యధికమైన వేడికి ఒక్క డిగ్రీ మించి కొన్నివారములు నిలిచినచో చాలును; అద్దెవారు వెడలిపోవుదురు. వేడి త్వరగా తగ్గినచో నా చెల్లెలి తొట్టిలోవలెనే మట్టిరంగును, పిదప సొంతవన్నెలును తిరిగివచ్చును. నిలిచిపోయినచో పిచుకగూటిపగడమునకైన గతియే దిబ్బలకును పట్టును. మన్నారుసింధుశాఖలో 1998లోను, 2010లోను, 2016లోను పగడములు మిక్కిలిగా వెలసినవి. 2023లో మొదలై ప్రపంచమంతట వ్యాపించిన వెలపాటును శాస్త్రజ్ఞులు 2024 ఏప్రిలులో నాలుగవదిగా ప్రకటించిరి. ఆ వేడిమి తగిలిన దిబ్బలు 2025 వసంతమునాటికే నూటికి ఎనుబదిపాళ్లకు మించినవి. ఇంటితొట్టికి దీపము తగ్గించు చేయి కలదు. సముద్రమున కాచేయి మనమందఱము కాల్చు బొగ్గును, చమురును తగ్గించుటయే.

మన దేశమున దిబ్బలు గట్టు పగడములు 2001 నుండి వన్యప్రాణిసంరక్షణచట్టపు మొదటి షెడ్యూలులో చేర్చబడినవి. వానిని సముద్రమునుండి తీయుట, అమ్ముట, కొనుట నేరము. యాత్రలకు పోయినప్పుడు ఎవరేని తెల్లని కొమ్మపగడమును ఇంటి అలమరకు అందమని చూపినచో కొనకుడు. ఆ తెలుపు దాని వన్నె కాదు. అది పగడపు ఎముక. అందులో కాపురమున్నవారు ఎప్పుడో వెడలిపోయిరి.